ఎడ్డి, తేడా: రెండు తిట్లు, ఒకే రిజిస్టర్



పోయిన భాగంలో వెట్టి కాలపు మర్యాదల గురించి రాశాను. దొర ఎదురైతే చెప్పులు చేతికి తీసుకోవడం, తలగుడ్డ విప్పడం, "నీ బాంచెన్ కాల్మొక్త" అనడం మనిషి ఒంట్లోకి ఎట్లా దిగిపోతాయో మాట్లాడుకున్నాం. అది చదివి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు: "మేడం, ఆటిజం ఉన్నోళ్లల్ల గేలు, ట్రాన్స్‌జెండర్లు ఎక్కువుంటరని చదివిన. నిజమేనా? నిజమైతే ఇవన్నీ ఒక్క జబ్బు కిందికే వస్తయా?"

రెండు వాక్యాల ప్రశ్నే. కానీ దాని వెనుక నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందుకే ఈ భాగం మొత్తం దానికే.

ముందు మన మాటల సంగతి చూద్దాం. ధర్మసాగర్‌లోనే కాదు, ఓరుగల్లు చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా రెండు తిట్లు వినపడతాయి. లోకం పోకడ తెలియనివాడు, మనసులో మాట దాచుకోలేనివాడు, పిలిస్తే పలకనివాడు "ఎడ్డోడు". మగవాడై ఉండి ఆడనడక నడిచేవాడు, ఆడపిల్లయి ఉండి పెళ్లి వద్దనేది "తేడా". ఎడ్డితనం, తేడా. మొదటిది బుద్ధి మీద తీర్పు, రెండోది ఒంటి మీద తీర్పు. ఒక్కోసారి రెండు తిట్లూ ఒకే పిల్లవాడి మీద పడతాయి. ఎందుకు పడతాయన్నదే అసలు ప్రశ్న.

మొదట లెక్క. 2020లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన వరుణ్ వారియర్, మరికొందరు కలిసి 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ఒక పెద్ద అధ్యయనం అచ్చువేశారు. ఆరు లక్షలకు పైగా మనుషుల సమాచారం పరిశీలించారు. ట్రాన్స్‌జెండర్ మనుషుల్లోనూ, ఆడ-మగ అనే రెండు గడుల్లో ఇమడని మనుషుల్లోనూ ఆటిజం కనిపించే అవకాశం మిగతావాళ్లకన్నా మూడు నుంచి ఆరు రెట్లు ఎక్కువని తేల్చారు. కాబట్టి విద్యార్థి చదివింది నిజమే. అయితే ట్రాన్స్‌జెండర్లలో ఎక్కువమందికి ఆటిజం లేదు. ఆటిజం ఉన్నవాళ్లలో ఎక్కువమంది ట్రాన్స్‌జెండర్లు కారు. రెండు చెరువుల నీళ్లు ఒకచోట కలుస్తాయి, అంతమాత్రాన రెండూ ఒకే చెరువు కావు. ఎందుకు కలుస్తాయన్నదానికి ఒకే కారణం ఇంకా తేలలేదు. లోకం నేర్పే ఆడ-మగ పాఠం ఆటిజం ఉన్నవాళ్ల మీద అంత గట్టిగా పనిచేయదని కొందరంటారు. అందరిలోనూ ఉండేదాన్ని మిగతావాళ్లు దాచుకుంటారు, వీళ్లు దాచుకోరని మరికొందరంటారు.

సైన్స్ ఆ కారణం వెతుకుతూ ఉండనీ. చరిత్ర మాత్రం ఒక విషయం ఇప్పటికే తేల్చింది. ఈ ఇద్దరినీ "బాగుచేయాలి" అనుకున్న చేతులు చాలాసార్లు ఒకే చేతులు.

మన దగ్గరి రిజిస్టర్‌తో మొదలుపెడదాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. పుట్టుకతోనే కొన్ని కులాలను, తెగలను నేరస్థులుగా రాసుకున్న చట్టం అది. మన ఎరుకలవాళ్లను స్టువర్ట్‌పురంలో సెటిల్మెంట్ పేరిట కట్టడి చేసింది ఆ కోవ చట్టమే. ఇది అందరికీ తెలుసు. అందులో రెండో భాగం ఒకటి ఉందని చాలామందికి తెలియదు. అది హిజ్రాల మీద. పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి, ఆడబట్ట కట్టి వీధిలో కనబడితే శిక్ష, పిల్లలను పెంచుకునే హక్కు లేదు, వీలునామా రాసే హక్కు లేదు.

నిజాం రాజ్యం ఆ నమూనాను 1919లో అందుకుంది. ఫస్లీ 1329 నాటి హిజ్రాల చట్టం అదే. హైదరాబాద్ నగరంలో ఉండే హిజ్రాల పేర్లు, ఇళ్ల చిరునామాలు పోలీసులు రిజిస్టర్‌లో రాసుకోవచ్చు. ఆడబట్టలు కట్టినా, నగలు పెట్టినా, వీధిలో పాడినా ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో పోయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఈ చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ బతికింది. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టుకు వెళ్లారు. 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అది సమానత్వ హక్కుకూ, గౌరవంగా బతికే హక్కుకూ విరుద్ధమని చెప్పింది. చదువులో, ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు రిజర్వేషన్ ఇవ్వాలనీ, ఆసరా పింఛను వర్తింపజేయాలనీ ఆదేశించింది. అంటే మనుషుల ఒంటిమీది బట్టను నేరంగా చూసే కాగితం మన రాష్ట్రంలో నూటమూడేళ్లకు పైగా చెల్లుబాటులో ఉంది. మొన్న మొన్నటి దాకా.

ఇది పోలీసు రిజిస్టర్. దానికి తోడు ఆసుపత్రి రిజిస్టర్ ఒకటి ఉంది. అది చాలా దూరంలో, యూరప్‌లోనూ అమెరికాలోనూ తెరుచుకుంది. తర్వాత మన ఊళ్లదాకా వచ్చింది కాబట్టి దాని పుట్టుక తెలుసుకోవాలి.

1925లో మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు ఆరుగురు పిల్లల గురించి రాసింది. ఇవాళ మనం ఆటిజం అంటున్నదాన్ని చాలావరకు ఆమె అప్పుడే గుర్తించింది. ఆడమనిషి, యూదురాలు, రష్యాలో ఉంది. ఆమె పేరు పాఠ్యపుస్తకాల్లోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. 1943లో అమెరికాలో లియో కానర్ పదకొండుమంది పిల్లల గురించి రాశాడు. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ రాశాడు. అప్పుడు వియన్నా నాజీల చేతిలో ఉంది. ఆస్పర్గర్ పిల్లలను కాపాడిన దేవుడని చాలాకాలం చెప్పుకున్నారు. 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పాత కాగితాలు తవ్వి, కొందరు పిల్లలను ఆయనే అమ్ స్పీగెల్‌గ్రుండ్ అనే కేంద్రానికి పంపాడని రుజువులు పెట్టాడు. ఆ కేంద్రంలో దాదాపు 800 మంది పిల్లలు చనిపోయారు. అదే నాజీ రాజ్యం స్వలింగ ప్రేమికుల అంగీలకు గులాబీ రంగు త్రికోణం కుట్టి నిర్బంధ శిబిరాలకు పంపింది. ఎవరు పనికొస్తారు, ఎవరు పనికిరారు అని రాసే పుస్తకం ఒక్కటే. పేజీలు వేరు.

తర్వాత లాస్ ఏంజెలెస్. 1960ల్లో అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇవార్ లోవాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆటిజం ఉన్న పిల్లలకు ప్రవర్తన నేర్పే పద్ధతి ఒకటి తయారు చేశాడు. చెప్పినట్టు చేస్తే తినుబండారం, మెచ్చుకోలు. చేయకపోతే గద్దింపు, చెంపదెబ్బ, ఆ తొలి ప్రయోగాల్లో కరెంటు షాకు కూడా. చేతులు ఊపొద్దు, నా కళ్లలోకి చూడు, పక్కపిల్లల్లాగా ఉండు. ఏబీఏ పేరుతో మన నగరాల థెరపీ కేంద్రాల్లో ఇవాళ వినపడే పద్ధతికి పెద్ద మూలాల్లో ఒకటి అదే. ఇప్పుడు కొట్టడాలు, షాకులు చాలావరకు పోయాయి. "పక్కపిల్లల్లాగా ఉండు" అన్న లక్ష్యం అన్నిచోట్లా పోలేదు.

అదే లోవాస్ 1970ల్లో ఇంకో పనిలోనూ చేయి పెట్టాడు. 1974లో జార్జ్ రేకర్స్ అనే తన శిష్యుడితో కలిసి ఒక పరిశోధన పత్రం అచ్చువేశాడు. ఐదేళ్లు కూడా నిండని మగపిల్లవాడు. బొమ్మలతో ఆడుకుంటాడు, ఆడపిల్లలాగా నడుస్తాడు. వాడిని "మగవాడిగా" మార్చడమే ఆ చికిత్స. మగ బొమ్మతో ఆడితే తల్లి నవ్వాలి. ఆడ బొమ్మ పట్టుకుంటే ముఖం తిప్పుకోవాలి. ఇంట్లో రంగురంగుల బిళ్లల లెక్క. తప్పు బిళ్లలు ఎక్కువైతే తండ్రి చేతి దెబ్బలు. చికిత్స గెలిచిందని పత్రంలో రాసుకున్నారు. ఆ పిల్లవాడు పెద్దవాడై, ముప్పై ఎనిమిదో ఏట 2003లో ఆత్మహత్య చేసుకున్నాడు. చిన్నప్పటి ఆ చికిత్సే తనను విరిచేసిందని కుటుంబం తర్వాత బయటికి చెప్పింది. ఆ పత్రాన్ని అచ్చువేసిన పత్రిక 2020లో దానిమీద తన ఆందోళన ప్రకటించింది.

తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. స్వలింగ ప్రేమ జబ్బు కాదని అమెరికా మనోవైద్యుల సంఘం 1973లోనే నిర్ణయించింది. మరుసటి ఏడాదే ఈ పత్రం. ఎడ్డి పిల్లవాడికీ తేడా పిల్లవాడికీ మందు ఒక్కటే, వైద్యుడూ ఒక్కడే. కాబట్టి విద్యార్థి అడిగిన ప్రశ్నకు చరిత్ర ఇచ్చే జవాబు ఇది. వీళ్లిద్దరినీ ఒక జబ్బు కిందికి తెచ్చింది ప్రకృతి కాదు. తమలాగా లేనిదాన్ని జబ్బు అని పిలిచే అలవాటు తెచ్చింది.

ఇక్కడ పోయిన భాగాన్ని గుర్తు చేసుకోండి. దొర ముందు వెట్టివాడు కళ్లు దించాలి. డాక్టరు ముందు ఆటిజం ఉన్న పిల్లవాడు కళ్లెత్తాలి. ఒకడికి కళ్లెత్తితే దెబ్బ, ఇంకొకడికి కళ్లు దించితే దెబ్బ. చూపు ఎక్కడుండాలో నిర్ణయించే అధికారం మాత్రం రెండుచోట్లా చూపు గలవాడిది కాదు.

ఆటిజం ఉన్నవాళ్లు రోజంతా మామూలుగా కనపడటానికి పడే పాట్లకు వాళ్ల లోకంలో మాస్కింగ్ అని పేరు. అంటే ముసుగు. నవ్వు రాకపోయినా నవ్వడం, చెవులు చిల్లులు పడే డీజే దగ్గర కూడా కదలకుండా నిలబడటం, ఎదుటివాళ్ల మాటతీరును బట్టీ పట్టడం. సాయంత్రానికి మనిషి పిండేసిన బట్టలా అయిపోతాడు. మనకు ఇది అర్థం కావడానికి పెద్ద పుస్తకం అక్కర్లేదు. సిటీలో అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఇంటిపేరు మింగినవాళ్లకు, హాస్టల్లో కూర వాసన గురించి అబద్ధమాడినవాళ్లకు, యాస మార్చుకుని ఇంటర్వ్యూకు పోయినవాళ్లకు ముసుగు బరువు తెలుసు. పెళ్లి చూపులకు ఒప్పుకుని లోలోపల చచ్చిపోయే క్వీర్ పిల్లలకూ తెలుసు. మూడూ ఒకటేనని నేను అనడం లేదు. కులం చేసిన గాయానికి కులం లోతే ఉంటుంది. కానీ బరువు తెలిసినవాడు ఇంకొకరి నెత్తిన మూట చూసి నవ్వకూడదు.

ఇప్పుడు నీతి దగ్గరికి వద్దాం. ఆటిజం ఉన్నవాళ్ల మీద ఇంకో ఫిర్యాదు ఉంది: వీళ్లు మొండి, పట్టిన పట్టు విడవరు, ఎడ్డెమంటే తెడ్డెమంటారు, సర్దుకుపోవడం తెలియదు. 2021లో 'జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్'లో ఒక ప్రయోగం అచ్చయింది. ఒక చెడ్డ పని చేసే సంస్థకు డబ్బు అందుతుంది, దానికి ఒప్పుకుంటే నీకూ కొంత డబ్బు వస్తుంది. ఒప్పుకుంటావా? ఎవరైనా చూస్తున్నప్పుడు మామూలు మనుషులు మంచివాళ్లయ్యారు. ఎవరూ చూడనప్పుడు మెత్తబడ్డారు. ఆటిజం ఉన్నవాళ్లు మాత్రం చూసినా చూడకున్నా ఒకేలా ఉన్నారు, ఆ డబ్బు వద్దన్నారు. పరిశోధకులు దీనికి పెట్టిన పేరు నిజాయితీ కాదు. నైతిక నియమం విషయంలో వంగని తనం అన్నారు, పాపపు సొమ్ము గురించి అతిగా ఆలోచించడం అన్నారు. చదివిన ఆటిజం ఉన్నవాళ్లు చాలామంది, లంచం వద్దంటే అదీ లోపమేనా అని నిలదీశారు. చిన్న సంఖ్యలో మనుషుల మీద చేసిన ఒక్క ప్రయోగంతో అందరినీ కొలవలేం. కానీ ఆ పేరు పెట్టిన తీరు చూడండి. ఎవరూ చూడనప్పుడు వంగే మనిషి కొలబద్ద అయ్యాడు. వంగని మనిషి రోగి అయ్యాడు.

1936లో అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో నియమానికీ సూత్రానికీ తేడా చెప్పాడు. నియమం అలవాటుగా పాటించేది, ఇట్లా చెయ్ అని ఆజ్ఞాపిస్తుంది. సూత్రం తూచి చూసుకోవడానికి పనికొచ్చే తక్కెడ. అది మనిషికి ఆలోచించే బాధ్యత ఇస్తుంది. కులం మొత్తం నియమాల గుట్ట, అందులో ఎక్కువ భాగం పైకి చెప్పని నియమాలు. హోటల్లో ఏ గ్లాసు ఎవరిదో బోర్డు మీద రాసి ఉండదు. బావి దగ్గర ఎవరు ఆగాలో ఎవరూ పాఠం చెప్పరు. "అర్థం చేసుకోవాలి" అంతే. ఆ "అర్థం చేసుకోవడమే" లోకజ్ఞానం, ఆ లోకజ్ఞానం లేనివాడే ఎడ్డోడు. "గ్లాసు కడిగిందే కదా, ఇందులో తాగితే ఏమైతది?" అని అందరిముందూ అడిగేవాడికి ఏదో అర్థం కాలేదంటారు. నిజానికి అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

అదే పుస్తకం కథ గుర్తు చేసుకోండి. లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ ఉపన్యాసానికి పిలిచి, అచ్చుప్రతి చూసి భయపడి, కొన్ని మాటలు తీసేయమంది. ఒక్క కామా కూడా మార్చనన్నాడు బాబాసాహెబ్. సభ రద్దయింది. ఆయన సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు, 1934లో, 'సమాజ్ స్వాస్థ్య' పత్రిక నడిపే ఆర్.డి. కర్వే తరఫున బొంబాయి కోర్టులో వాదించాడు. స్వలింగ సంబంధాల వంటి విషయాల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు పత్రికలో జవాబులు రాయడమే కర్వే చేసిన నేరం. కేసు ఓడిపోయింది. అయినా ఆ వాదన మన చరిత్రలో భాగం. అంబేడ్కర్‌కు ఆటిజం ఉందని నేను చెప్పడం లేదు. చనిపోయినవాళ్లకు జబ్బుల పేర్లు పెట్టే ఆట నాకు నచ్చదు. నేను చెప్పేది ఒక్కటే. వంగని తనాన్ని మన నాయకుడిలో గౌరవిస్తాం, మన పక్క బెంచీ పిల్లవాడిలో వెక్కిరిస్తాం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆటిజం ఉన్నవాళ్లంతా సత్యహరిశ్చంద్రులు కారు. వాళ్లలోనూ కులం పాటించేవాళ్లు ఉంటారు. నియమాన్ని నియమంగానే పట్టుకుని వేలాడేవాళ్లూ ఉంటారు. మాట రాని పిల్లలు ఉంటారు, తిండికీ స్నానానికీ జీవితాంతం ఇంకొకరి సాయం కావాల్సినవాళ్లు ఉంటారు. ఆ సాయం చేస్తూ అరిగిపోయే తల్లులు ఉంటారు, కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇళ్లలో. మనిషికి హక్కు ఉండటానికి అతను దేవుడో మేధావో కానక్కర్లేదు.

దేవుడంటే ఐనవోలు గుర్తొచ్చింది. మా ధర్మసాగర్ జనానికి ఐలోని మల్లన్న జాతర కొత్త కాదు. సంక్రాంతికి శివసత్తులు పూనకంతో ఆడతారు. వాళ్లలో చీర కట్టిన మగవాళ్లు ఉంటారు. పసుపు పూసుకుని బోనమెత్తుతారు, జనం దండం పెడతారు. మన సంస్కృతి వీళ్లను ముందే ఒప్పుకుందని కొందరు గొప్పగా చెబుతారు. జాతర కొన్నాళ్లే. జాతర అయిపోయాక అదే మనిషి అదే చీరలో కిరాయి గది అడిగితే ఏం జరుగుతుందో చూడాలి. పూనకం వచ్చినప్పుడు దండం, పూనకం దిగినాక తిట్టు. జోగినిని దేవుడి భార్య అంటూనే ఊరి ఆస్తి చేసుకున్న సంస్కృతి ఇది. ఆ గౌరవం ఎంత లోతో మనకు బాగా తెలుసు.

చివరగా ఇవాళ్టి కాగితాల దగ్గరికి వద్దాం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఆటిజాన్ని కొలవడానికి ఒక భారతీయ కొలమానం తయారు చేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం. అందులో మొట్టమొదటి అంశం కంటిచూపు కలపకపోవడమే. 1995 వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది, 2016 చట్టం 21 వైకల్యాల్లో చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో మరికొన్ని వైకల్యాలతో కలిపి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఈ కాగితం కావాలి. కుల ధృవీకరణ పత్రం విలువ తెలిసిన మనం కాగితాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఎవరికి అందుతుంది? డబ్బున్న ఇంటి పిల్లవాడికి మూడేళ్లకే పేరు దొరుకుతుంది. సర్కారు బడిలో చదివే మాదిగ, మాల పిల్లవాడికి "మొద్దు" అన్న పేరే దొరుకుతుంది. ఆడపిల్లయితే అదీ లేదు, "సిగ్గెక్కువ" అంటారు.

ఆటిజం ఉన్న ఒక ట్రాన్స్‌జెండర్ మనిషి మన కలెక్టరేట్‌కు వెళ్తే ఏమవుతుందో చూడండి. తానెవరో తాను చెప్పుకునే హక్కు ఉందని 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో చెప్పింది. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ చట్టం గుర్తింపు పత్రం ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు ఇచ్చింది. 1999 చట్టం కింద, మేజర్ అయినా సరే, ఆటిజం ఉన్న మనిషికి సంరక్షకుడిని నియమించే స్థానిక కమిటీలో ఉండేదీ ఆ అధికారే. ఒక ఫైలు "నీ గురించి నీకే తెలుసు" అంటుంది. పక్క ఫైలు "నీ తరఫున ఇంకొకరు నిర్ణయిస్తారు" అంటుంది. ఆ ఇంకొకరు తండ్రో అన్నో అయి, "వీడికి బుద్ధి లేదు, అందుకే ఆడబట్ట కడతానంటున్నాడు" అంటే? ఆ లెక్కల కలయిక చాలా దేశాల్లో ఇట్లాగే ఆయుధమవుతోంది: ఆటిజం ఉంది కాబట్టి తన జెండర్ తనకు తెలియదు అని. 2016 చట్టం వికలాంగులకు అందరితో సమానమైన చట్టపరమైన సామర్థ్యం ఉందని చెప్పింది. ఆ మాట మీద నిలబడి పోరాడాలి. నిర్ణయం తీసుకోవడానికి సాయం కావాల్సినవాళ్లకు సాయం చేయాలి, నిర్ణయాన్ని లాక్కోకూడదు.

పోరాటం మన మైకుల దగ్గరే మొదలవ్వాలి. ప్రత్యర్థిని "గాజులు తొడుక్కో" అని తిట్టే సభ మనది కాకూడదు. "మెంటలోడు", "కొజ్జా" అన్న మాటలు అంబేడ్కర్ ఫోటో కింద నిలబడి అనకూడదు. మన సంఘం సమావేశాల్లో చప్పుడు తట్టుకోలేక బయట నిలబడ్డవాడిని నిబద్ధత లేదనకూడదు. కళ్లలోకి చూడకుండా మాట్లాడేవాడిని అబద్ధాలకోరు అనకూడదు. ఏం చేయాలో సూటిగా చెప్పండి, "అర్థం చేసుకోవాలి" అని వదిలేయకండి. ఆ ఒక్క మాట వెనుక ఎన్ని గ్లాసులు దాగి ఉన్నాయో మనకు తెలుసు.

ప్రశ్న అడిగిన విద్యార్థికి: తమ్ముడూ, ఇవి జబ్బులు కావు. ఒకే రిజిస్టర్‌లో ఎక్కించిన పేర్లు. మన తాతల పేర్లు కూడా అందులోనే ఉన్నాయి.

జై భీమ్.